సబ్బులో ఏ నీళ్లు పోయాలి? అసలు సమస్య అచ్చులో ఉందా, బకెట్లో ఉందా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ప్రశ్న మీద. ఇంట్లో సబ్బు చేసేటప్పుడు ఏ నీళ్లు వాడాలి? బోరు నీళ్లా, ఫిల్టర్ క్యాన్ నీళ్లా, వాన నీళ్లా, లేకపోతే వీడియోల్లో అందరూ చెప్పే డిస్టిల్డ్ వాటరేనా?

దువ్వూరు, మైదుకూరు, ప్రొద్దుటూరు వైపు నుంచి ఈ ప్రశ్న అడిగేవాళ్లు దాదాపు ఒకే కంప్లైంట్ చెప్తారు. మంచి గానుగ కొబ్బరినూనె తెచ్చాం, బుడ్డల నూనె తెచ్చాం, కొలతలు గ్రాముల్లో తూచాం, నెలన్నర ఆరబెట్టాం. తీరా స్నానానికి తీసుకుంటే నురుగు రాదు. ఒంటి మీద ఏదో జిడ్డు పొర. బకెట్ అంచున తెల్లటి మడ్డి. "డిస్టిల్డ్ వాటర్ కొనలేదు, అందుకే చెడిపోయింది" అని తేల్చేసుకుని, రెండోసారి డబ్బులు పెట్టి అదీ కొంటారు. రెండో సబ్బూ అట్లే ఉంటుంది. అప్పుడిక రెసిపీ మీద అనుమానం, నూనె అమ్మినాయన మీద అనుమానం. కొంతమంది అంతటితో మానేస్తారు కూడా. నాలుగు రూపాయలు సంపాదిద్దామని మొదలుపెట్టినవాళ్లు ఇట్లా ఆగిపోవడం చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు వాళ్ల సబ్బులో తప్పేమీ ఉండదు.

ఇక్కడ రెండు నీళ్లున్నాయి. ఒకటి అచ్చులోకి పోయే నీళ్లు, అంటే కాస్టిక్ సోడా కరిగించడానికి వాడేవి. రెండోది మీరు స్నానం చేసే బకెట్లో నీళ్లు. అందరూ మొదటిదాని గురించే భయపడతారు. మన జిల్లాలో సబ్బును ఓడించేది మాత్రం ఎక్కువగా రెండోదే. ఊరికే అనడం లేదు, లెక్క వేసి చూపిస్తా.

ముందు మన నీళ్ల సంగతి. కడప బండలు తెలుసు కదా, ఇంట్లో నేలకు పరిచే నల్ల బండలు, వంటింట్లో గట్టు మీద వేసేవి. అవి సున్నపురాయి జాతి రాళ్లు. మన కాళ్ల కింద ఆ సున్నపురాయి పొరలు పరుచుకుని ఉన్నాయి. ఎర్రగుంట్ల, చిలంకూరు, కమలాపురం వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది కూడా ఆ రాయి కోసమే. వాన నీరు నేలలోకి దిగేటప్పుడు గాలిలోనూ మట్టిలోనూ ఉండే కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు ఏళ్ల తరబడి ఈ రాళ్ల సందుల్లో నిలబడి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటుంది. బోరు వేసి మనం పైకి లాగేది దాన్నే. బళ్లో కఠిన జలం అని చదువుకున్నది ఇదే. ఇంట్లో ఉప్పునీళ్లు అంటాం. నిజానికి ఉప్పదనం వేరు, కఠినత్వం వేరు. మన బోర్లలో చాలాచోట్ల రెండూ కలిసే ఉంటాయి కాబట్టి ఒకే పేరు సరిపోయింది.

కఠినమో కాదో తెలియాలంటే ల్యాబే అక్కర్లేదు. అమ్మని అడగండి, ఈ నీళ్లతో కందిపప్పు మెత్తగా ఉడుకుతుందా అని. ఉడకదంటే కాల్షియం ఉన్నట్టే, అది పప్పులోని పెక్టిన్‌ని పట్టి బిగిస్తుంది. హీటర్ కాయిల్ చూడండి, గార పట్టి తెల్లగా లావెక్కి ఉంటుంది. అయితే మీ ఊళ్లో ప్రతి బోరూ ఇట్లే ఉంటుందని కాదు. ఈ వీధి బోరుకూ పక్క వీధి బోరుకూ తేడా ఉంటుంది. లోతు మారితే కూడా మారుతుంది.

ఇప్పుడు సబ్బు. సబ్బంటే నూనెలోని కొవ్వు ఆమ్లాలకు సోడియం తగిలించిన పదార్థం. సోడియం ఉన్నంతసేపు అది నీళ్లలో కరుగుతుంది, నురుగు వస్తుంది, మురికిని పట్టుకుంటుంది. కాల్షియం ఎదురుపడగానే కొవ్వు ఆమ్లం సోడియంని వదిలేసి కాల్షియంతో జత కడుతుంది. ఆ కొత్త పదార్థం నీళ్లలో కరగదు, నురుగూ రాదు. తెల్లగా విరిగిన పాలలాగా తేలుతుంది. బకెట్ అంచున పేరుకునేది అదే. జుట్టుకు పట్టుకుని గడ్డిలా చేసేది, ఒంటి మీద పొరలా అనిపించేది కూడా అదే. నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం మొత్తం ఇట్లా సబ్బును తినేశాక మిగిలిన సబ్బుకే నురుగు వస్తుంది.

ఎంత తింటుంది? లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కి సమానం అన్న లెక్కలో కఠినత్వాన్ని చెప్తారు. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం 200 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఆ లెక్కన 1 గ్రాము కఠినత్వం సుమారుగా 5 నుంచి 6 గ్రాముల సబ్బును పనికిరాకుండా చేస్తుంది. ఈ ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకోండి, మిగతా అంతా గుణకారమే.

చిన్న బ్యాచ్ ఒకటి తీసుకుందాం. కొబ్బరినూనె 300 గ్రాములు, శనగనూనె, అదే బుడ్డల నూనె 200 గ్రాములు. కొబ్బరినూనె ఒక్కో గ్రాముకు 0.183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి, అంటే 54.9. శనగనూనెకు 0.136 చొప్పున 27.2. రెండూ కలిపి 82.1 గ్రాములు. చర్మానికి కాస్త నూనె మిగలాలి కాబట్టి 5 శాతం తగ్గిస్తాం, 78 గ్రాములు వస్తుంది. నీళ్లు దానికి రెట్టింపు, 156 గ్రాములు. మీరు వాడే కాస్టిక్ ఎంత శుద్ధమైందో డబ్బా మీద చూసుకుని, సబ్బు కాలిక్యులేటర్‌లో ఒకసారి వేసుకోండి. మనకు ఇక్కడ కావాల్సింది ఆ 156 గ్రాముల నీళ్లు.

ఆ నీళ్లు బాగా గట్టివి, 600 ఉన్నవి అనుకుందాం. 156 గ్రాముల్లో కఠినత్వం ఎంత? 0.1 గ్రాము కూడా లేదు. అది తినేది అర గ్రాము సబ్బు. మొత్తం బ్యాచ్‌లో తయారయ్యేది దాదాపు అర కిలో సబ్బు, అందులో పోయింది అర గ్రాము. వెయ్యిలో ఒక వంతు. దీనివల్ల మీ సబ్బు నురుగు ఇవ్వకుండా పోతుందా? పోదు.

అవే నీళ్లు ఒక లీటరు మగ్గులో పట్టండి. 0.6 గ్రాముల కఠినత్వం, అంటే 3 గ్రాములకు పైగా సబ్బు హుష్‌కాకి. 100 గ్రాముల సబ్బు ఒక మనిషికి నెల రోజులు వస్తుందనుకుంటే రోజుకు వాడేదే 3 గ్రాములు చిల్లర. ఒక్క మగ్గు నీళ్లు ఆ రోజు సబ్బునంతా మింగేయగలవన్నమాట. 20 లీటర్ల బకెట్ మొత్తం నురుగు తెప్పించాలంటే ముందుగా 60 గ్రాములకు పైనే సబ్బు అర్పించాలి. మీరు రుద్దుకునేటప్పుడు ఒంటి మీద ఉండే నీళ్లు తక్కువే కాబట్టి కాస్త నురుగు వస్తుంది. ఆ తర్వాత కడుక్కోవడానికి మగ్గు మీద మగ్గు పోసుకుంటారు చూడండి, అప్పుడు మిగిలిన సబ్బంతా మడ్డిగా మారి చర్మం మీదే దిగుతుంది. "కడిగినా కడిగినా పోలేదు" అనిపించేది అందుకే.

కావాలంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒకే సైజు ప్లాస్టిక్ బాటిళ్లు రెండు తీసుకోండి. సగం సగం నింపండి, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో ఫిల్టర్ నీళ్లు. మీ సబ్బును తురిమి రెండింట్లో సమానంగా చిటికెడు వేయండి. మూత బిగించి ఇరవైసార్లు ఊపండి. ఒక దాంట్లో నురుగు నిలబడుతుంది, ఇంకోటి తెల్లటి కలకలాగా మారి పైన తునకలు తేలతాయి. రెండింట్లోనూ సబ్బు ఒకటే, నీళ్లే వేరు. షాంపూతోనో గిన్నెలు తోమే లిక్విడ్‌తోనో ఈ పరీక్ష చేస్తే తేడా సరిగ్గా కనపడదు, అవి సబ్బులు కావు, డిటర్జెంట్లు. ఇది కొత్త పరీక్షేం కాదు. స్కాట్లండ్‌లో థామస్ క్లార్క్ అనే రసాయన శాస్త్రవేత్త 1841 ప్రాంతంలో నీటి కఠినత్వాన్ని సబ్బు ద్రావణంతోనే కొలిచే పద్ధతి తెచ్చాడు. చాలాకాలం ల్యాబుల్లో అదే నడిచింది.

అయితే అచ్చులో బోరు నీళ్లే పోసేద్దామా? వద్దు. నేను కూడా వద్దనే అంటా, కాకపోతే కారణం వేరు.

మొదటి కారణం ఐరన్. నీళ్లలో ఇనుము, రాగి లాంటివి చాలా కొద్దిగా ఉన్నా చాలు, సబ్బులో మిగిలిన నూనె తొందరగా కారిపోవడానికి, అంటే ముక్కిపోయిన వాసన రావడానికి అవి తోడ్పడతాయి. రెండు మూడు నెలలకు సబ్బు మీద నారింజ రంగు మచ్చలు వస్తాయి, పాత నూనె డబ్బా వాసన వేస్తుంది. శనగనూనె, పొద్దుతిరుగుడు నూనె ఎక్కువ వేసిన సబ్బుల్లో ఇది ముందు కనపడుతుంది, కొబ్బరినూనెలో తక్కువ. బోరు నీళ్లు బాగున్నా, పాత ఇనుప పైపు, తుప్పు పట్టిన డ్రమ్ము ఉంటే చాలు. కఠినత్వానికి గ్రాముల లెక్క కావాలి కానీ దీనికి మిల్లీగ్రాములే ఎక్కువ. అమ్మకానికి చేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కొన్న మనిషి ఇంట్లో రెండో నెలకు మచ్చలొస్తే మూడో నెల మీ దగ్గరికి రాడు.

రెండో కారణం, కాస్టిక్ కలపగానే బోరు నీళ్లు తెల్లగా విరుగుతాయి. కాల్షియం, మెగ్నీషియం అప్పటికప్పుడే సున్నపు పొడిలాగా దిగుతాయి. ఫిల్టర్ నీళ్లు కూడా మొదట మసకగానే కనపడతాయి, కాసేపటికి తేటపడతాయి. బోరు నీళ్లలో ఆ పిండి అట్లే మిగులుతుంది. అప్పుడు అడుగున తెల్లగా ఉన్నది కరగని కాస్టిక్ పలుకా, సున్నమా అని మీకు తెలియదు. కరగని కాస్టిక్ పలుకు సబ్బులోకి పోతే చర్మం కాలుతుంది. నీళ్లు శుభ్రంగా ఉంటే ఈ అనుమానమే రాదు. నాకైతే ఫిల్టర్ నీళ్లు వాడమనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక్కడ పసుపు సంగతి ఒకటి చెప్పాలి. మైదుకూరు పేరుతో పసుపు రకమే ఉంది, మన వైపు వాళ్లు పసుపు సబ్బు చేయకుండా ఉంటారా! కాస్టిక్‌లో పసుపు వేయగానే ఎర్రగా తిరుగుతుంది. అది చూసి "నీళ్లలో ఐరన్ ఉంది" అని పారబోస్తారు. కాదప్పా, పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా రాదా? ఇదీ అంతే. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. సబ్బు ఆరేకొద్దీ నారింజ, తేనె రంగుల్లోకి వస్తుంది. దాంట్లో నీళ్ల తప్పేం లేదు.

సరే, ఏ నీళ్లు దొరుకుతాయి మనకు? అందరికీ అందుబాటులో ఉండేవి వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు. ఇవి ఆర్.ఓ. చేసినవి, సబ్బుకు బాగా సరిపోతాయి. నా ఓటు వీటికే. 156 గ్రాముల కోసం వేరే నీళ్లు వెతుక్కుంటూ ప్రొద్దుటూరు పోవాల్సిన పని లేదు. ఒక్కసారి టి.డి.ఎస్. మీటర్ పెట్టి చూడండి, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు వస్తుంది, లేదంటే ప్లాంట్ ఆయన దగ్గరే ఉంటుంది. 100 లోపు ఉంటే హాయిగా వాడుకోండి. 300, 400 చూపిస్తే ఆ ప్లాంట్‌లో ఫిల్టర్ మెంబ్రేన్ అరిగి ఉండొచ్చు, లేదా బోరు నీళ్లు కలుపుతూ ఉండొచ్చు. రుచికి కొన్ని ఖనిజాలు తిరిగి కలిపే ప్లాంట్లూ ఉన్నాయి, ఆ మేరకు ఫర్వాలేదు. ఒక మాట, టి.డి.ఎస్. మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చెప్తుంది, కఠినత్వం విడిగా చెప్పదు. ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నవాళ్లు దీనివల్లే కంగారు పడతారు. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం పెడుతుంది కాబట్టి మీటర్‌లో అంకె పెద్దగా తగ్గదు, సబ్బు మాత్రం బ్రహ్మాండంగా నురుగు ఇస్తుంది.

డిస్టిల్డ్ వాటర్ అని అడిగితే మన ఊళ్లలో చేతికొచ్చేది బ్యాటరీ వాటర్, ఆటో స్పేర్స్ షాపుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. ఖనిజాలు తీసేసిన నీళ్లే అవి, మంచి కంపెనీదైతే పనికొస్తాయి. కానీ జాగ్రత్త, అదే షాపులో అదే రకం క్యాన్‌లో బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది. అది సల్ఫ్యూరిక్ యాసిడ్. షాపు అబ్బాయి తొందర్లో అది ఇచ్చి, మీరు ఇంటికొచ్చి దాంట్లో కాస్టిక్ వేశారంటే ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. లేబుల్ చదవకుండా, లూజుగా బాటిల్లో పోయించుకుని ఎప్పుడూ తేవద్దు. నన్నడిగితే ఈ రిస్క్ ఎందుకు, క్యాన్ నీళ్లు ఉండగా?

వాన నీళ్లు ప్రకృతి ఇచ్చే డిస్టిల్డ్ వాటర్. మిద్దె మీద మొదటి వానను వదిలేయండి, దుమ్ము, పక్షుల రెట్టలు కడుక్కుపోతాయి. తర్వాతి వానకు ఆరుబయట శుభ్రమైన ప్లాస్టిక్ టబ్ పెట్టి పట్టి, పలుచని గుడ్డలో వడగట్టి, మరగబెట్టి చల్లార్చండి. సిమెంటు రేకుల మీది నుంచి కారినవి, తుప్పు రేకుల మీదివి వద్దు. కె.సి. కెనాల్ నీళ్లు వాడొచ్చా అని కూడా అడుగుతారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా వచ్చే కాలువ అది, 1863 నుంచి 1870 మధ్య తవ్వారు, అప్పట్లో పడవలు నడపాలన్న ఉద్దేశం కూడా ఉండింది. నది నీళ్లు కాబట్టి సాధారణంగా బోరంత కఠినంగా ఉండవు. కానీ ఒండ్రు, నాచు, పొలాల్లోంచి దిగే ఎరువుల మురుగు ఉంటాయి. ఏడాది పొడుగునా పారదు కూడా. బట్టలకు సరే, అచ్చులోకి వద్దు.

ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కదా అని తెలివిగా అడిగేవాళ్లున్నారు. ఆవిరి చల్లబడి వచ్చిన నీళ్లే, నిజమే. కానీ అవి రాగి గొట్టాలు, అల్యూమినియం రేకుల మీదుగా దుమ్ముతో కలిసి కారతాయి. రాగి సంగతి ఇందాకే చెప్పుకున్నాం. ఏమీ దొరక్కపోతే బోరు నీళ్లనే పది పదిహేను నిమిషాలు మరగబెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేటను మాత్రం తీసుకోండి. కఠినత్వంలో కొంత భాగం గారగా అడుక్కి దిగిపోతుంది, అంతా పోదు. రోజ్ వాటర్, కలబంద రసం, పాలు అంటారా, నీళ్లు అలవాటయ్యాక చూద్దాం. పాలలో చక్కెర ఉంటుంది, కాస్టిక్ వేడికి మాడి గోధుమ రంగు తిరిగి అమ్మోనియా వాసన కొడుతుంది. వాటిని గడ్డ కట్టించి వాడే పద్ధతి వేరే ఉంది.

ఏ నీళ్లైనా సరే, పద్ధతి మాత్రం ఒకటే. నీళ్లలో కాస్టిక్ కొంచెం కొంచెంగా వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. అట్లా పోస్తే ఒక్కసారిగా ఉడికి చిమ్ముతుంది. మామూలుగా కలిపినా ద్రావణం 80 డిగ్రీలు దాటేస్తుంది. మన ఎండాకాలంలో నీళ్లే గోరువెచ్చగా ఉంటాయి కాబట్టి క్యాన్ నీళ్లను ముందురోజు ఫ్రిజ్‌లో పెట్టి వాడండి. అల్యూమినియం గిన్నె ముట్టుకోవద్దు, కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది. స్టీలు గిన్నె, కళ్లద్దాలు, గ్లౌజులు, కిటికీ తెరిచిన గది, పిల్లలు దూరంగా. ఒకవేళ కంట్లోనో చేతి మీదో పడితే అప్పుడు ఏ నీళ్లు అన్న ప్రశ్నే లేదు. బోరు నీళ్లో, కుళాయి నీళ్లో, ఏవి దగ్గరుంటే అవి. ఆపకుండా 15, 20 నిమిషాలు ధారగా కడగాలి. నిమ్మరసం, వెనిగర్ పోయొద్దు. కంట్లో పడితే కడిగాక వెంటనే ఆస్పత్రికి పోవాల్సిందే, తగ్గిపోయింది కదా అని ఇంట్లో ఉండొద్దు.

లిక్విడ్ సోప్ చేసేవాళ్లకు మాత్రం నా వెయ్యిలో ఒక వంతు లెక్క పనికిరాదు. అక్కడ సబ్బు కంటే నీళ్లే ఎక్కువ, పైగా గాజులాగా తేటగా కనపడాలి. గట్టి నీళ్లు పోస్తే బాటిల్లోనే మబ్బు కమ్మి, తెల్లటి తెర అడుక్కి దిగుతుంది. దానికి తక్కువ టి.డి.ఎస్. ఆర్.ఓ. నీళ్లు గానీ, నమ్మకమైన డిస్టిల్డ్ గానీ తప్పనిసరి.

ఇక బకెట్ వైపు వద్దాం. దీన్ని మనం పూర్తిగా గెలవలేం, కానీ కొంత తగ్గించుకోవచ్చు. కొబ్బరినూనె వాటా పెంచితే ఉప్పునీళ్లలో కూడా నురుగు కాస్త బాగా వస్తుంది. ఓడల్లో సముద్రపు నీళ్లతో స్నానానికి కొబ్బరినూనె సబ్బులు వాడింది అందుకే. అయితే కొబ్బరి మరీ ఎక్కువైతే చర్మం లాగుతుంది, అప్పుడు మిగులు నూనె 5 శాతం కాకుండా పెంచుకోవాలి. రెండోది నిమ్మ ఉప్పు, కిరాణా కొట్లో దొరికే సిట్రిక్ యాసిడ్. నీళ్లలో ముందు అది కరిగించి తర్వాత కాస్టిక్ వేస్తే సోడియం సిట్రేట్ అవుతుంది, అది కాల్షియంని పట్టుకుంటుంది. మన 500 గ్రాముల నూనెల బ్యాచ్‌కి 5 గ్రాములు చాలు. కానీ ఆ యాసిడ్ కాస్టిక్‌ని తింటుంది, కాబట్టి దాని కోసం 3 గ్రాముల చిల్లర కాస్టిక్ అదనంగా వేయాలి. వేయకపోతే సబ్బు జిడ్డు జిడ్డుగా వస్తుంది. దీంతో బకెట్ అంచున మడ్డి కొంత తగ్గుతుంది, మాయమైపోదు. అట్లా ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

అన్నిటికంటే చవకైన పని, సబ్బు రుద్దుకునేటప్పుడు ముందుగా రెండు చెంబుల మంచి నీళ్లు, అంటే వాన నీళ్లో ఫిల్టర్ నీళ్లో ఒంటికి పోసుకుని, చివర్లో ఇంకో రెండు చెంబులు అవే పోసుకోవడం. మధ్యలో బోరు నీళ్లు వాడుకోండి. ఆర్.ఓ. మెషిన్ పక్కకు వదిలే వేస్ట్ నీళ్లను దీనికి వాడొద్దు, కఠినత్వమంతా చేరేది వాటిలోనే. తలకైతే ఇంటి సబ్బు అసలు వద్దనే చెప్తా, ఉప్పునీళ్లలో. అవ్వవాళ్లు కుంకుడుకాయ వాడింది ఊరికే కాదు. కుంకుడులో ఉండే సాపోనిన్లు సబ్బు కావు, కాల్షియం తగిలితే మడ్డిగా విరగవు. ఎంత గట్టి నీళ్లలోనైనా నురుగు ఇస్తాయి.

అమ్మాలనుకునేవాళ్లకు రెండు మాటలు. మీ సబ్బును మూడు నీళ్లలో పరీక్షించండి, ఫిల్టర్ నీళ్లు, మీ బోరు, ఇంకో ఊరి బోరు. జమ్మలమడుగులో చుట్టాలుంటే ఒక బాటిల్ నీళ్లు తెప్పించుకోండి. పులివెందులలో ఒకాయన నురుగు రాలేదని ఫోన్ చేస్తే "మీ నీళ్లు గట్టివి" అని ఊరికే అనేకంటే, బాటిల్ పరీక్ష ఫోన్లో వీడియో తీసి పెట్టుకుని పంపండి. ప్యాకెట్ మీద ఉప్పునీళ్లలో నురుగు తక్కువ వస్తుందని ముందే రాస్తే ఇంకా మంచిది, అబద్ధం చెప్పి అమ్మినదానికంటే అదే నిలబడుతుంది. ఇంకోటి, స్నానపు సబ్బు చట్టం ప్రకారం కాస్మెటిక్. తయారుచేసి అమ్మాలంటే కాస్మెటిక్స్ రూల్స్, 2020 కింద లైసెన్స్ కావాలి. ఇంట్లో వాడుకోవడానికి, చుట్టాలకు ఇవ్వడానికి అది అక్కర్లేదు. కానీ ఇన్‌స్టాలో ధర పెట్టి ఆర్డర్లు తీసుకుంటున్నారంటే ముందు ఆ సంగతి కనుక్కోండి.

మీ బోరు నీళ్లతో బాటిల్ పరీక్ష చేసినప్పుడు రెండు బాటిళ్లూ పక్కపక్కన పెట్టి, వెనకాల నల్ల గుడ్డ వేసి ఫొటో తీయండి, తేడా బాగా కనపడుతుంది. అందులో ఎవరి నురుగు ఎన్ని నిమిషాలు నిలబడిందో కూడా రాసుకోండి. పసుపు సబ్బు రంగు గురించి చాలామంది విడిగా అడుగుతున్నారు, అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటా మరి.